ఎడమచేతి ముడులు

అందరూ ఆయన్ని ఓడల మేస్త్రి అంటారు గానీ, ఆయన ఓడెక్కింది ఒక్కసారే. దిగేదాకా వాంతులే. అలాంటి మనిషి బీరువాలూ కిటికీలూ చేసి ఇల్లు నడుపుతూ, కాస్త తీరిక దొరికితే చాలు, వెనకగదిలో చేరి చెక్కతో పాతకాలపు తెరచాప ఓడలు కట్టేవాడు. అదీ నోటికొచ్చిన లెక్కన కాదు. ఎక్కడెక్కడి పాత నక్షాలో తెప్పించుకుని, అసలు ఓడలో ఏ పలక ఎక్కడుందో మూరెడు బొమ్మలోనూ అక్కడే ఉండాలనేవాడు. పలకలు వెంట్రుకవాసి వెడల్పయ్యాయని నెలల తరబడి చేసిన డెక్కును పీకి పొయ్యిలో పెట్టిన ఘనుడు. "ఎవరు చూస్తార్లెండి" అని భార్య అన్న పూట ఇంట్లో మాటలుండేవి కావు.

తాళ్ల పని మాత్రం ఆవిడదే. నావికులు స్తంభాలెక్కడానికి అటూ ఇటూ తాళ్ల నిచ్చెనలుంటాయి. అడ్డతాడు నిలువుతాడును దాటే ప్రతిచోటా ఓ ముడి. సన్నటి దారంతో ఆ ముడులు వెయ్యడం మేస్త్రి మొద్దువేళ్ల వల్ల అయ్యేది కాదు. ఆవిడ బల్లకి అవతల స్టూలు మీద కూర్చుని పట్టకారుతో చకచకా వేసుకుపోయేది. "మీ ఓడ నీళ్ల మొహం చూడదు, నన్ను నిద్ర మొహం చూడనివ్వదు" అని దెప్పుతూనే ముడి బిగించేది.

చివరికి మ్యూజియం వాళ్లు ఒక ఓడ కావాలన్నారు. ఆ పిలుపు కోసమే మేస్త్రి ఇన్నేళ్లూ కళ్లు కాయలు కాచేలా ఎదురుచూశాడు. షరతు ఒక్కటే, అసలు ఓడకీ దీనికీ ఏ కాస్త తేడా ఉన్నా తీసుకోరు. కుడివైపు నిచ్చెనలు పూర్తయ్యాయి. ఎడమవైపు మొదలుపెట్టకముందే ఆవిడ జబ్బుపడి కన్నుమూసింది.

చాన్నాళ్లు ఆ గది తలుపు తియ్యలేదు. "అమ్మ సగం చేసిపెట్టింది. మిగతా సగం నువ్వు చెయ్యవా నాన్నా?" అని కూతురు నిలదీశాక కూర్చున్నాడు. ఆ మొద్దువేళ్లతోనే తంటాలుపడి ఎడమవైపు ముగించి, భూతద్దం పెట్టి రెండువైపులా చూసుకున్నాడు. తన ముడులు నక్షాలో ఉన్నట్టే తిరిగాయి. ఆవిడవన్నీ దానికి ఎదురు తిరిగాయి.

"అమ్మది ఎడమచేతి వాటం కదా నాన్నా!" అంది కూతురు.

ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. కూర తరిగినా, తల దువ్వుకున్నా ఆవిడ ఎడమచేత్తోనే. కానీ పలకల్ని వెంట్రుకవాసి దాకా కొలిచిన మహానుభావుడు, ఎదురుగా కూర్చున్న మనిషి వేసిన ముడిని ఒక్కనాడూ భూతద్దంలో చూడలేదు. సిగ్గేసింది. ఆ సిగ్గులోంచి ఏడుపొచ్చింది.

లెక్క ప్రకారం కోసెయ్యాల్సింది ఆవిడ ముడుల్నే. బ్లేడు తీసుకుని కుడివైపుకి వంగాడు. చెయ్యి రాలేదు. కాసేపటికి ఓడని అటు తిప్పి, తను వేసిన ముడులన్నీ తెంపేసి, పట్టకారు ఎడమచేతిలోకి తీసుకున్నాడు.

"ఈ వయసులో ఎడమచెయ్యేం తిరుగుతుంది నాన్నా?"

"తిరిగినప్పుడే తిరుగుతుంది. ఊరికే మీద పడకు."

ఓడ పూర్తయ్యేసరికి ఏడాది తిరిగింది. మ్యూజియం అధికారి ఇంటికొచ్చి, అంగుళం అంగుళం చూసి, నిచ్చెనల దగ్గర ఆగాడు.

"ముడులు తిరగేసి ఉన్నాయేమిటండీ?"

"తాళ్లు కట్టినవాళ్లది ఎడమచేతి వాటమండీ."

"దానికి రుజువేమైనా ఉందా?"

"ఉండేదండీ. ఆ స్టూలు మీద కూర్చునేది."

అధికారి స్టూలు వైపు చూశాడు. మర్యాదగానే ఓడ వద్దన్నాడు.

"మీ స్థానంలో నేనున్నా వద్దనేవాణ్ణే," అని మేస్త్రి గుమ్మందాకా వెళ్లి సాగనంపి వచ్చాడు.

కూతురు కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది. "బాధగా లేదా నాన్నా?"

"ఉందమ్మా, ఎందుకుండదు?" అంటూ ఆయన ఓడ మీద గుడ్డ కప్పబోయి ఆగాడు. "కానీ కళ్లు తెరిచి కట్టిన ఓడ ఇదొక్కటే."