పాడె మీది బంతి విత్తనం

మడకశిర బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె ఒడిలో ఎండిన బంతిపూల దండ ఉంది. ఒక్కొక్క పువ్వే తుంచి, విత్తనం రాల్చి కొంగులో పోసుకుంటోంది.

"ఏ గుడిదమ్మా ఈ దండ?" అన్నాను.

"గుడిది గాదన్నా. మా ఇంటాయన పాడె మీదిది."

"శవం మీది పూలు ఎవరన్నా తెచ్చుకుంటారామ్మా? బుద్ధి ఉండొద్దా?" అని గద్దించాను.

ఆమె చేతులు ఆగలేదు. "ఏటేటా ఆయప్ప దాచిన ఇత్తనమన్నా ఇది. ఇత్తనానికని చెట్టు మీద వదిలిన ముదురు పూలు గూడా కోసి దండ గుచ్చినారు మావోళ్ళు. పూడ్చే ముందు నేనే తెంపుకున్నా. అందరూ నీ మాదిరే తిట్టినారు. మనిషి ఎట్లాగూ పాయె. ఆయన బంతి గూడా పోవాల్నా?"

శవం మీది పూలు ఇంటికి తేకూడదని పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఎందుకో నాకు ఎవరూ చెప్పలేదు. చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

దిగేటప్పుడు ఆమె చిటికెడు విత్తనం నా చేతిలో పోసింది. గడప దాటించే ధైర్యం చాలక, వాకిటి బయటే చల్లాను. ఇప్పుడు ఏటా పూస్తున్నాయి. విత్తనం ముదరకముందే దండకని కోయడానికి వచ్చేవాళ్ళతో నాకు ఏటా జగడమే.