రంగయ్య కన్ను, బావగారి కమాను

నాకు నోరెక్కువని ఈ చెరకుతోటల దీవిలో మా ఊరు షెమాన్ గ్రెనియేలో అందరికీ తెలుసు. నేనేమీ దాచను. ఆ నోటితోనే మా బావగారిని, అంటే మా ఆయన అన్న అప్పలస్వామిగారిని, ఒకసారి నడివీధిలో నిలబెట్టి కడిగేశాను. కాబట్టి ఆయన గురించి చెప్పాల్సినదాన్ని కూడా నేనే.

బావగారిది రేకుల షెడ్డు. చుట్టుపక్కల చెరకు లారీలన్నీ మరమ్మతుకు అక్కడికే వచ్చేవి. రోజంతా కలిపి పది మాటలు మాట్లాడితే గొప్ప. శనివారం భజనలో సింహాద్రి అప్పన్నను పిలిచేటప్పుడు మాత్రం ఆ గొంతుకి కిటికీలు అదిరేవి. తెల్లారితే మళ్లీ లారీ కిందే. ఆయన భార్య వెంకటమ్మక్క పోయాక ఆయన భోజనం మా ఇంట్లోనే.

మా ఊరి చిన్న రైతులంతా కలిసి కొనుక్కున్న లారీకి మా ఆయన గోపాలు డ్రైవరు. వాన పడితే ఆ లారీ కొండవాలు పొలాలకు ఎక్కేది కాదు. వెనక చక్రాలు బురదలో గిర్రున తిరిగేవే తప్ప బండి జానెడు కదిలేది కాదు. నరికిన చెరకు నాలుగు రోజులు పడి ఉంటే పులిసిపోతుంది, మిల్లువాళ్లు ముట్టుకోరు. 1965లో అలా పులిసిన చెరకు పక్కన కూర్చుని ముసలి పాపమ్మ ఏడ్చింది. ఆ ఏడుపు బావగారు విన్నారు.

మరుసటి వారం ప్లేన్ మాన్యెన్ దాకా వెళ్లి, విమానాశ్రయం పక్క తుక్కులోంచి యుద్ధకాలం నాటి మిలిటరీ ట్రక్కు ముందు ఇరుసు పట్టుకొచ్చారు. మామూలు లారీకి ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. ఈ ఇరుసు వేస్తే ముందు చక్రాలూ లాగుతాయి. అయితే దాని బరువుకి మా లారీ పాత కమాను పట్టీలు, అంటే చక్రాల మీద బండిని మోసే విల్లులాంటి స్ప్రింగు పట్టీలు, చాలవు. వాటిని విప్పి పారేసి, మిలిటరీ పట్టీలనే కొలిమిలో కాల్చి, వంచి, నూనెలో ముంచి, ఒక్కోదాన్నీ సుత్తితో తట్టి మోగించి చూశారు. ఇరుసు కాస్త ముందుకు వాలినా స్టీరింగు నిలవదని, కమానుకీ ఇరుసుకీ మధ్య ఏటవాలు ఇనుప ముక్క పెట్టడం, తీయడం, అరగదీయడం, మళ్లీ పెట్టడం. మూడు ఆదివారాలు అదే పని. ఎంత ఓపికండీ! నాకైతే మొదటి పూటే విసుగొచ్చేది.

మరుసటి ఏడు కోతల్లో, జోరు వానలో ఆ లారీ కొండవాలు ఎక్కేసింది. ఊరంతా చప్పట్లు. నేనూ కొట్టాను.

ఆ సంతోషం రెండు గంటలే. చెరకు నింపుకుని దిగుతుంటే మూడో మలుపు దగ్గర బ్రేకులు పట్టలేదు. ఒక పక్క లోయ. గోపాలు లారీని రెండో పక్క మట్టిగట్టుకి గుద్ది ఆపాడు. రెండు పక్కటెముకలు విరిగాయి. మనిషి దక్కాడు.

అంతవరకూ బావగారి ముందు తలెత్తి మాట్లాడి ఎరగను. ఆ రోజు ఆ మర్యాదా లేదు, ఏమీ లేదు. "తమ్ముడి ప్రాణం మీదా మీ పనితనం చూపించుకోడం? ఆ తుక్కుతోపాటు మీరూ తుక్కులోకే పొండి!" అని అరిచాను.

"తప్పెక్కడో ఉంది అమ్మాయ్, కనుక్కుంటాను," అన్నారాయన. ఆ పూట నుంచి భోజనానికి రాలేదు. నేనూ పిలవలేదు. పౌరుషం!

ఆయన మాత్రం మూడు రోజులు పొలాల్లో కూర్చుని, వేరే లారీలకు చెరకు ఎత్తడం చూస్తూ ఉండిపోయారు. కూలీల మేస్త్రీ రంగయ్యకు కాటా అవసరం లేదు. చెరకు పడుతున్నంతసేపూ ముందు చక్రం దగ్గర వంగి చూస్తాడు. విల్లులా ఉన్న కమాను చదునైతే "ఆసే! చాలు!" అని కేకేస్తాడు. మా లారీ ముక్కు పొట్టిది, సగం బరువు ముందు చక్రాల మీదే పడుతుంది కాబట్టి ఇరవై ఏళ్లలో ఆ కన్ను తప్పింది లేదు. బావగారి కొత్త కమాను వంగితే కదా! ఆ రోజు రంగయ్య వంగి చూసినప్పుడల్లా విల్లు విల్లులాగే ఉంది. ఇంకో వరస వేయించాడు. ఆ పైన ఇంకోటి. ఆ అదనపు బరువునే బ్రేకులు ఆపలేకపోయాయి.

మిల్లు ఫోర్‌మన్ జీన్ ఇది విని నవ్వాడు. "ఇన్ని మోపులే ఎక్కించమని ఆ రంగయ్యకు చెప్పు, సరిపోతుంది."

"మోపూ మోపూ ఒక్కలా ఉంటాదేటి? అతని కన్ను ఇరవయ్యేళ్లది, నా కమాను నిరుటిది," అన్నారు బావగారు. "మారాల్సింది నాదే."

కమాను మళ్లీ విప్పారు. పైన పాత లెక్కకే చదునయ్యే పల్చటి పట్టీలు పెట్టారు. కింద కొంచెం ఎడం ఉంచి మందపాటివి బిగించారు. గోతిలో పడ్డప్పుడు ఆ బరువు కిందవి మోస్తాయి. పైవి మాత్రం రంగయ్యకు నిజమే చెబుతాయి.

గోపాలు మళ్లీ స్టీరింగు పడతానంటే నేను ఒప్పుకోలేదు. చివరికి నేనూ పొలానికి వెళ్లాను. చెరకు పడుతోంది. రంగయ్య వంగాడు. "ఆసే! చాలు!" అని కేక వినపడింది. లారీ మూడో మలుపు మెల్లగా తిరిగి దిగిపోయింది. నేను అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చాను.

సాయంత్రం షెడ్డుకి వెళ్లి, "బావగారూ, అన్నం చల్లారిపోతోంది," అన్నాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఆయన చేతులు కడుక్కుని నా వెనకే వచ్చారు.

1968 మార్చి పన్నెండున దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మన జెండా ఎగరేస్తున్నారని ఊరు ఊరంతా రాజధాని పోర్ట్ లూయీకి బయలుదేరి ఆ లారీయే ఎక్కింది. బావగారు కొత్త చొక్కా వేసుకుని అందరికంటే ముందే ఎక్కి కూర్చున్నారు. రంగయ్య అలవాటు చొప్పున ముందు చక్రం దగ్గర వంగాడు.

"ఆసే! చాలు! ఒక మనిషి ఎక్కువయ్యాడు, దిగాల."

ఎవరూ కదల్లేదు. బావగారే దిగారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "అయ్యో, ఇదేం న్యాయం! ఆ బండి చేసిందే మీరు కదా!"

"నా కోసం అబద్ధం చెప్పాలేటి ఆ కమాను?" అన్నారు.

నేనూ ప్రయాణం మానుకున్నాను. జెండా ఎగిరేటప్పుడు రేడియో ముందు మేమిద్దరమే నిలబడ్డాం. సాయంత్రం లారీ తిరిగొచ్చింది. దిగినవాళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుని, ఆఖరున గోపాలు కూడా దిగాక, బావగారు భోజనానికి కూర్చున్నారు.