శాలువా కప్పిన ఫొటో

మైలవరం నుంచి విజయవాడ వెళ్లే బస్సులో, గంటసేపు బేరమాడి కొన్న శాలువా నా ఒళ్లో ఉంది. పక్కసీట్లో పెద్దావిడ ఎవరికని అడిగింది.

"ఇవాళ ఆట మానేస్తున్న ఫుట్‌బాల్ ఛాంపియన్‌కండీ. మన గిరిజన బిడ్డ."

"జనం కోతీ అని అరిస్తే ఆట ఆపి గ్యాలరీకి ఎదురుగా నిలబడ్డాడే, ఆ రోజు చూశావా బాబూ?"

"గ్యాలరీలోనే ఉన్నానండీ."

"నువ్వూ అరిచావా?"

తప్పునూ బేరమాడి తగ్గించాను. "లేదండీ, నవ్వానంతే."

"అరిచినోళ్ల మొహాలు మావాడికి గుర్తులేవు. నవ్విన మొహాలే గుర్తు," అని ఆ తల్లి కిటికీ వైపు తిరిగింది.

శాలువా వాపసు తీసుకోరు కదా, విజయవాడలో దిగి, అతని వీడ్కోలు సభలో అభిమానుల వరుసలో నిలబడ్డాను. అతను తల వంచాడు. కప్పాను. తలెత్తి నా మొహం చాలాసేపు చూశాడు. అప్పుడే ఎవరో ఫొటో తీశారు.

ఆ ఫొటో మా కొట్లో ఉంది. అందులోనూ నవ్వుతున్నాను.