గడప దాటని దుమ్ము

ఉద్యోగంలో కొత్తగా చేరిన ఆ రోజుల్లో, నాకు తెలియని విషయం ఈ లోకంలో లేదనే అనుకునేవాణ్ణి. తెలియనిదేదైనా ఎదురైతే ఫోన్‌లో చూసి, ముందునుంచీ తెలిసినట్టే చెప్పేవాణ్ణి. ఇంట్లోవాళ్లు నమ్మేవారు కూడా (మా నాయనమ్మ, బాపమ్మ తప్ప). మా ఇల్లు చంద్రపూర్‌లో, లాల్‌పేట్ బొగ్గుగనుల పక్కన. అక్కడ పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికల్లా నేల మీద మళ్లీ నల్లటి పొర తయారు. ఎవరు ఎటు నడిచారో దాని మీద అడుగులతో సహా కనిపిస్తుంది. అమ్మ నడుము చీపురుకే అరిగిపోతోందని జాలిపడి, మొదటి జీతం చేతికి రాగానే, తనంతట తానే తిరుగుతూ ఇల్లు ఊడ్చే యంత్రం కొనుక్కొచ్చాను.

గుండ్రంగా పీటంత ఉన్న ఆ వస్తువును చూడటానికి వాడంతా వచ్చింది. మేం కాకు (పిన్ని) అని పిలిచే ఎదురింటి మరాఠీ ఆవిడ అది బరువు చూసుకునే కాటా అనుకుని, చెప్పులు విడిచి ఎక్కబోయింది. తడిబట్ట పెట్టడం కోసం అమ్మ అందులో నీళ్లు పోస్తుంటే, అంతంత తిరిగినదానికి దూప కాదా అని బాపమ్మ సానుభూతి చూపించింది. అది మధ్యమధ్యలో ఇంగ్లీషులో ఏదో చెప్పేది. విరూర్ దగ్గరి పల్లెలో పుట్టి పెరిగిన బాపమ్మ లెక్కలో తెలుగు మాట్లాడనివాళ్లంతా మరాఠీవాళ్లే కాబట్టి, మరాఠీలో జవాబిచ్చేది. ఛార్జింగ్ కోసం అది గోడ దగ్గరికి వెళ్లి ఆగితే, అలిసి పడుకుందనుకుని టీవీ చప్పుడు తగ్గించమనేది. నేను సెన్సర్లనీ మ్యాపులనీ వివరించబోయేవాణ్ణి. నా వివరణ పూర్తయ్యేసరికి వాళ్లకు అంతకుముందు అర్థమైంది కూడా పోయేది.

ఇలా ఉండగా అక్కకు నాగపూర్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. మా ఇళ్లలో మనిషి ఊరికి బయల్దేరితే, చేరినట్టు కబురు తెలిసేదాకా చీపురు ముట్టరు. పోయినసారి అక్క ఇలాగే ఇంటర్వ్యూకు వెళ్లగానే అమ్మ మరిచిపోయి ఇల్లు ఊడ్చింది, ఉద్యోగం రాలేదు. ఆ సంగతిని బాపమ్మ అమ్మను మళ్లీ మరిచిపోనివ్వలేదు. ఈసారీ రాకపోతే ఇక ప్రయత్నించనని అక్క అనేసింది. అందుకని అమ్మ ఆ ఉదయం చీపురును ఏకంగా అటక మీదికి విసిరేసింది. మా నాన్న, బాపు, అక్కను ఆటోలో కూర్చోబెట్టుకుని స్టేషన్‌కు కదిలాడు. ఆటో వీధి మూల తిరిగిందో లేదో, లోపల టింగుమని చప్పుడైంది. నేను పెట్టిన టైమ్ ప్రకారం యంత్రం లేచింది. తిన్నగా గడప దగ్గరికి వెళ్లి, అక్క అడుగుల గుర్తులను ఒక్కటీ వదలకుండా శుభ్రం చేయడం మొదలుపెట్టింది.

"నేనైతే ముట్టలే," అని అమ్మ రెండు చేతులూ పైకెత్తింది.

బాపమ్మ నా వైపు చూసింది. నేను ఫోన్ తీశాను. యాప్ తెరవబోతే ముందు అప్‌డేట్ చేసుకోమంది. ఈలోగా బాపమ్మ యంత్రానికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చుంది. అది ఎంతో మర్యాదగా పక్కకు తప్పుకుని తన పని తాను చేసుకుపోయింది. చివరికి అమ్మ కోడిపిల్లను కమ్మినట్టు దాని మీద గంప బోర్లించింది. గంప ఇల్లంతా తిరగసాగింది. ఈ గోలకు వచ్చిన కాకు నడుస్తున్న గంపను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. నేను దాన్ని పట్టుకుని, తిరగేసి, తడిమి తడిమి ఎలాగో మీట నొక్కాను. తర్వాత నా గౌరవం నిలుపుకుందామని, అది ఊడ్వదు, పీలుస్తుంది, అందుకని దోషం లేదని చెప్పాను.

"పీల్చినా ఊడ్చినా దుమ్ము పాయెనా లేదా?" అంది బాపమ్మ.

కాకు కల్పించుకుని, యంత్రాలా కాయ్ కళ్తం, దానికేం తెలుస్తుందంది. దానికి తెల్వదు, కొన్నోనికన్న తెల్వాలె గదా అని బాపమ్మ అక్కడితో ఆ వాదన ముగించింది. తర్వాత కాసేపు ఆలోచించి, నన్ను దగ్గరికి పిలిచింది.

"పీల్చిన దుమ్ము ఏడికి వోయిందిరా?"

"ఏడికి వోలే బాపమ్మా. దాని కడుపుల్నే ఉన్నది."

"అంటే ఇంక గడప దాటలే. తియ్యి బయటికి."

ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, నేల మీద కూర్చుని, ఆ పెట్టె ఊడదీసి, అందులోని బొగ్గు దుమ్మును ఎక్కడిది అక్కడే అని ఒట్టేసి మరీ చల్లాను. సమంగా చల్లమని బాపమ్మ, తలుపు మూలకు అందలేదని కాకు దగ్గరుండి చూపించారు. నిజం చెప్పొద్దూ, చల్లుతున్నంతసేపూ నాకూ భయంగానే ఉంది. ఆ భయం దేనికో మాత్రం అర్థం కాలేదు. మధ్యాహ్నం అక్క చేరానని ఫోన్ చేసేదాకా ఆ నల్ల నేలను తొక్కకుండా అందరం గోడవారగా నడిచాం.

అక్కకు ఉద్యోగం వచ్చింది. దుమ్ము వెనక్కి వేయించినందుకని బాపమ్మ, తను ముట్టనందుకని అమ్మ చెప్పుకున్నారు. చీపురైతే దుమ్ము ఎప్పుడో ఇల్లు దాటేదని, కాబట్టి ఈ ఘనత యంత్రానిదేనని నేను వాదించాను. తను చదివినందుకు కూడా కావచ్చని అక్క అన్న మాట ఎవరూ వినిపించుకోలేదు.

ఇప్పుడు బాపమ్మ లేదు. మేం మారిన బాబుపేట్ ఇంట్లోనూ బొగ్గు దుమ్ము తప్పలేదు గానీ, ఇక్కడున్న కొత్త యంత్రం చాలా తెలివైనది. ఇంట్లోంచి మనుషులు వెళ్లిపోయారని ఫోన్‌ను బట్టి తెలుసుకుని, మొదలుపెట్టనా అని అడుగుతుంది. మొన్న అక్క వచ్చి ఉండి, నాగపూర్ రైలెక్కింది. స్టేషన్ నుంచి నేను తిరిగి వస్తుంటే దారిలో ఆ ప్రశ్న వచ్చింది. వద్దు అని నొక్కాను. (నాకు ఇలాంటి వాటి మీద నమ్మకాలు లేవు. బ్యాటరీ ఆదా అవుతుందని అంతే.) ఇంటికొచ్చి తలుపు తీస్తే, అక్క అడుగులు గది నుంచి గడప దాకా వరసగా కనిపించాయి. ఆమె చేరానని ఫోన్ చేసేదాకా గోడవారగానే నడిచాను.