కన్నారావు కారు తుమ్ము

మా డాలీగంజ్‌లో కన్నారావు షోకు కోసం కారు కొన్నాడని వాగినవాళ్లకి బుద్ధి లేదు. వాళ్లమ్మ కాళమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని, పోర్ట్‌బ్లెయిర్ ఎత్తుపల్లాలన్నీ తిరిగి అతన్ని పెంచింది. డాక్‌యార్డులో ఫిట్టరయ్యాక, ఆఫీసు వేలంలో పాత అంబాసిడర్ దొరికితే, ఇంక అమ్మ నడవకూడదని తెచ్చాడు.

ఆవిడ ఎక్కితే కదా!

చల్లటి ఇంజనుకి మొదట్లో పెట్రోలు ఎక్కువ కావాలి. చోక్ లాగితే అందుతుంది. ఉప్పుగాలికి చోక్ తీగ తుప్పు పట్టి సగమే వచ్చేది. పెట్రోలు చాలక, కదలగానే కార్బురేటరు "ఫట్" మనేది. కాళమ్మ దిగిపోయేది.

"తుమ్మిందిరా కన్నా! తుమ్ము తమ్ముడై సెప్తాది. మీ నాన్న తుమ్ము ఇన్నాక ఏనాడైనా పడవెక్కినాడా?"

జంట తుమ్మయితే దోషం లేదట. ఆ బండేమో ఎప్పుడూ ఒక్కటే తుమ్మేది. ఆవిడ కాళ్లు కడుక్కుని, కాసిన్ని నీళ్లు తాగి, దర్జాగా బస్సెక్కేది.

అంతలో కాళమ్మ చెల్లెలు గురమ్మ వైజాగ్ ఓడలో వస్తోందని కబురొచ్చింది. పెళ్లై దీవులకి వచ్చాక కాళమ్మ ఆమెని చూడనే లేదు. పిన్నిని తేవడానికి అమ్మ ఈ కారులోనే వెళ్లాలని కన్నారావుకి పంతం పట్టుకుంది. ఆదివారం ఇంటిముందే బానెట్ ఎత్తాడు. సలహాలివ్వడానికి నేనున్నాను. కొత్త తీగ వేశాడు, బిగించాడు, వదులు చేశాడు, మళ్లీ బిగించాడు. చివరికి ఇంజను గుర్రుమంది గానీ తుమ్మలేదు.

"దేఖా భయ్యా!" అంటూ గ్రీజు చేతులతోనే నన్ను కావలించుకున్నాడు. నా తెల్లచొక్కా పని అయిపోయింది.

ఓడ వచ్చే పొద్దున కాళమ్మ కొత్తచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. సామాన్లు మొయ్యడానికి నేను వెనక. చోక్ లాగాడు, బండి బుద్ధిగా కదిలింది. గేటు దాటుతుండగా, పెట్రోలు వాసన ముక్కుకెక్కిందేమో, కాళమ్మే తుమ్మింది.

వెంటనే ఆవిడ చెయ్యి తలుపు మీదికి పోయింది.

"ఆపరా, దిగిపోతాను."

"అమ్మా, తుమ్మింది నువ్వే!"

"ఎవులు తుమ్మితే ఏటి?"

అప్పటికే తలుపు సగం తెరిచింది. కన్నారావు ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది. ఇంజను ఇంకా వేడెక్కలేదు. అతను ఒక్క క్షణం ఆగి, చోక్ లోపలికి నెట్టేసి, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాడు.

"ఫట్!"

కాళమ్మ తలుపు వేసేసుకుంది.

"జంట తుమ్మైపోనాది. ఇంక దోసం నేదు. ఏటలా సూస్తన్నావు? చలో!"