పిన్ని కుక్కకి పచ్చి కవళ్ళు

పిన్ని ఆ కుక్కకి పేరు పెట్టలేదు. "ఒసే" అని పిలిచేది. నన్నూ అలాగే పిలిచేది. కళింగపట్నంలో ఆమె ఇంటి వాకిట్లోంచి ఆ పిలుపు వినిపించగానే ఇద్దరం ఒకేసారి తల తిప్పేవాళ్ళం. ఎవరిని పిలిచిందో ఆమె చేతిలో ఉన్నదాన్ని చూసి తెలుసుకోవాలి. దువ్వెన ఉంటే నన్ను. చేప ఉంటే దాన్ని.

ఆమె మా అమ్మకి చెల్లెలు. పిల్లలు లేరు. నాన్న జూట్ మిల్లు ఉద్యోగం వల్ల మేం నెల్లిమర్లలో స్థిరపడ్డాం కానీ, నా బడి సెలవులూ తర్వాత కాలేజీ సెలవులూ అన్నీ ఆ సముద్రం ఒడ్డునే గడిచాయి. ఇంటికి చుట్టాలొస్తే పుస్తకం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయే మనిషిని నేను. ఎందుకు మాట్లాడవని అందరూ అడిగారు, పిన్ని తప్ప. ఆమె నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తన పని తాను చేసుకునేది. నేను చూస్తూ ఉండేదాన్ని.

అలా చూసినవాటిలో ఒకటి ఆ కుక్కకి తిండి పెట్టడం. తెల్లవారి పడవలు ఒడ్డు చేరాక పిన్ని వల పక్కన ఇసకలో కూర్చుని కవళ్ళు, జానెడైనా లేని వెండిరంగు చేపలు, ఏరేది. బుట్టలోకి ఏదీ వేయకముందే ఒక చేప తీసి దాని పొట్ట మీద బొటనవేలితో నొక్కేది. సొట్ట పడి వెంటనే పైకి లేచిందా, బొటనవేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది. అప్పుడు ఆ చేపని అరచేతిలో పెట్టి కిందికి దించేది. సొట్ట అలాగే ఉండిపోతే ఆ చేప ఉప్పులోకి, ఎండబెట్టడానికి. కుక్క ఎదురుగా కూర్చుని ఆమె బొటనవేలినే చూసేది. వేలు ముక్కుదాకా వెళ్ళి తిరిగి వచ్చేవరకూ కదిలేది కాదు. అంత చిన్న కుక్క, పిల్లికంటే ఓ బెత్తెడు పెద్దదేమో, అంత ఓపిక ఎక్కడ దాచుకునేదో.

బాబాయి ఏటా వానల్లో గుజరాత్ పడవల మీదికి వెళ్ళి ఎండల్లో తిరిగొస్తాడు. కిందటి ఏడు తనతోపాటు పిన్నినీ తీసుకెళ్ళాడు. పడవవాళ్ళు పదిమంది ఒకే గదిలో ఉంటారు, వండిపెట్టే మనిషి కావాలట. వెళ్ళే ముందు పిన్ని చేపల బుట్టలో పాత చీర పరిచి, అందులో కుక్కని కూర్చోబెట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"ఏటే ఇది? మనుసుల్ని సూసుకోడానికే నాకు తీరిక నేదు. దీన్నేటి సేస్తాను?" అంది అమ్మ.

"నీకెవులిస్తన్నారు? గుంటకిస్తన్నాను." ఆమె గుంట, అంటే పిల్ల, నేనే. బుట్ట నా ఒళ్ళో పెట్టింది. "ఒసే, పచ్చి సేపే తింతాదిది. కూడెట్టకు. నానొచ్చేసరికి ఇలాగే ఉండాల. సిక్కిపోయిందనుకో, నీ జడ పట్టుకు లాగుతాను."

నేను తలూపాను. వెళ్ళొద్దని చెప్పాలని ఉంది. పడవవాళ్ళకి వండిపెట్టేవాళ్ళు ఇంకెవరూ లేరా అని అడగాలని ఉంది. ఆటో మలుపు తిరిగేదాకా వీధిలో నిలబడి, లోపలికి వచ్చి ఆ మాటలన్నీ డైరీలో రాశాను. డైరీలో నాకు నోరు బాగానే ఉంటుంది.

అమ్మ పెరుగన్నం పెడితే కుక్క మూతి తిప్పుకుంది. గుడ్డు పెడితే వాసన చూసి బుట్టలోకి వెళ్ళి పడుకుంది. మిల్లు నుంచి వచ్చిన నాన్న దాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఇదీ నీలాగే ఉన్నాదే. అడిగితే మాటాడదు, ఎడితే తినదు" అన్నాడు. వారం తిరిగేసరికి దాని పక్కటెముకలు వేలికి తగలసాగాయి. ఆ ఆదివారం పిన్ని ఫోన్ చేసి, "తింతందా?" అని అడిగింది.

"తింటోంది" అన్నాను. ఆమెతో నేను చెప్పిన మొదటి అబద్ధం అదే.

పచ్చి చేప పెట్టడానికి నాకేం భయమంటే, నేను విజయనగరంలో ఒక చిన్న ల్యాబ్‌లో పనిచేస్తాను. రోజంతా మైక్రోస్కోప్ మీద వంగి, మనుషుల కడుపుల్లోంచి వచ్చిన వాటిలో పురుగుల గుడ్లు ఉన్నాయేమో వెతికే పని. గాజుపలక మీద ఏమేం కదులుతాయో చూసినవాళ్ళకి పచ్చిది అన్న మాటే ఒళ్ళు జలదరింపు. ఫోన్‌లో చదివితే సగంమంది కుక్కలకి పచ్చి మాంసమే సహజం అని రాశారు, పళ్ళు మెరుస్తాయట, బొచ్చు నిగనిగలాడుతుందట. మిగతా సగంమంది వద్దన్నారు, చిన్న కుక్కలకైతే అసలే వద్దన్నారు, ఒక్కసారి విరేచనాలు పట్టుకుంటే వాటి ఒంట్లో నీళ్ళెన్ని ఉంటాయి అని. డైరీలో ఒక పేజీ మధ్యకి గీత గీసి రెండు వైపులా రాసుకుంటూ పోయాను. వద్దు అన్న వైపు పేజీ నిండిపోయింది. రెండో వైపు చివర "పిన్ని చెప్పింది" అని రాశాను. ఆ రెండు మాటలే బరువుగా కనిపించాయి.

మా వీధికి రోజు విడిచి రోజు కోనాడ వైపు నుంచి ఒకామె చేపలు తెస్తుంది. తెల్లటి థర్మాకోల్ పెట్టె, మూత తీస్తే మంచు. నేనెప్పుడూ గుమ్మం దిగి ఆమె దగ్గరికి వెళ్ళలేదు, బేరం అమ్మ పని. ఆరోజు నేనే వెళ్ళి ఒక కవళ్ళ చేప తీసి పొట్ట మీద బొటనవేలితో నొక్కాను.

"ఓలమ్మా! డాక్టరమ్మలాగ నొక్కీ సూస్తన్నావేటి?" అని ఆమె నవ్వింది. "సేపకి జొరమేటి?"

"మా పిన్నిది కళింగపట్నం" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆ ఊరి పేరు పైకి అని చాలా రోజులైంది.

"అదీ సెప్పు మరి. ఆలకి తెలుస్తాది."

గర్వంగా అనిపించింది. చేప గట్టిగా ఉంది, సొట్టే పడలేదు. వేలు వాసన చూశాను, చల్లదనం తప్ప ఏమీ తగల్లేదు. ఇంట్లోకి తెచ్చి పెరట్లో కుక్క ముందు కూర్చుని మళ్ళీ నొక్కి, వాసన చూసి, అరచేయి దించాను. వారం రోజులుగా ఎవరో తలుపు తీస్తారని చూసి చూసి, తీసిన తలుపులోకి పరిగెత్తినట్టు తినేసింది. తోక కొనదాకా ఊగింది. ఆ సాయంత్రం డైరీలో ఒక్క మాటే రాశాను, తిన్నది అని. పిన్నితో చెప్పిన అబద్ధం నిజమైపోయిందని సంతోషించాను.

రెండు వారాలు బాగానే జరిగింది. తర్వాత ఒక ఉదయం అది బుట్టలోంచి లేవలేదు. చీరంతా కక్కుకుని, కాళ్ళు వణుకుతూ, నా చేతిని చూసి తోక ఊపడానికి ప్రయత్నించి ఊరుకుంది. దాన్ని నా చున్నీలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి పరిగెత్తాను. అక్కడి డాక్టరుగారు సెలైన్ ఎక్కిస్తూ ఏం పెట్టావని అడిగారు. చెప్పాను. ఏం పని చేస్తావని అడిగారు. అదీ చెప్పాను.

"ల్యాబ్‌లో పనిచేస్తూ నాచేత చెప్పించుకుంటావా అమ్మాయ్?" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. "చేప పెట్టు, ఎవరొద్దన్నారు. ఉడకబెట్టు. ఉడికితే ముల్లు గట్టిపడుతుంది, అది గొంతులో గుచ్చుకుంటుంది, కాబట్టి ఒక్క ముల్లు లేకుండా ఏరి పెట్టు. పచ్చిది మాత్రం ఇంత చిన్న ప్రాణికి వద్దు."

మూడు రోజులు తిప్పాను. రెండో రోజు ఆసుపత్రి వరండాలోంచే పిన్నికి ఫోన్ చేశాను. వెనకాల ఏదో తాలింపు చిటపటలాడుతోంది. దాచకుండా అంతా చెప్పాను. మొదటి వారం తినలేదని కూడా చెప్పాను.

"నొక్కే చూశాను పిన్నీ. గట్టిగానే ఉంది. వాసన కూడా లేదు."

"ఎక్కడి సేపే?"

"పెట్టెలోది. మంచులో..."

తాలింపు చప్పుడు ఆగిపోయింది. పొయ్యి కట్టేసినట్టుంది. "ఓసి ఎర్రి గుంటా! మంచులో ఏసిన సేప రాయిలాగుండక ఎలగుంటాది? నువ్వు నొక్కింది సేపనేటి? మంచుని. ఎన్నాళ్ళ సేపైనా అలాగే ఉంటాది, వాసనా రాదు. ఆ నొక్కడం ఒడ్డు మీద సేపకేనే!"

ఇన్నేళ్ళూ ఆమె పక్కన కూర్చుని చూశాను. ఆ వేలు ఎలా కదులుతుందో చూశాను కానీ, ఆ వేలి కింద ఎప్పుడూ ఇప్పుడే నీళ్ళలోంచి వచ్చిన చేపే ఉండేదని గమనించలేదు.

పిన్ని అడిగింది. ఆ గొంతు నేనెప్పుడూ వినని గొంతు, చిన్నది. "బతుకుతాదా?"

"బతుకుతుంది అన్నారు."

"మరైతే నువ్వేడవకు" అంది. నేను ఏడుస్తున్నట్టు అప్పుడే నాకు తెలిసింది.

ఇంటికి తెచ్చాక చేప ఉడకబెట్టి, చల్లార్చి, ముళ్ళు ఏరి పళ్ళెంలో పెట్టాను. కుక్క చూసి తల పక్కకి తిప్పుకుంది. పక్కన పెట్టాను, మూతి దగ్గర పెట్టాను, లేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "మీ నాన్నకి కూడా నానింత సేవ సెయ్యనేదు" అని సణుగుతూనే, "నీరసం మీదుంది, ఒగ్గీకు, మళ్ళీ ఎట్టు" అంది. ఇంకేం చేయాలో తోచక ఆ ఉడికిన ముద్ద మీద బొటనవేలితో నొక్కాను. వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. అరచేయి దించాను.

తిన్నది. మెల్లగా, అరచేయంతా నాకి మరీ తిన్నది.

దానికి కావలసింది పచ్చిదో ఉడికిందో కాదన్నమాట. ఆ మాట డైరీలో రాయబోయి ఆగిపోయాను. రాస్తే అది కుక్క గురించే అని నేనే నమ్మేలా లేను.

సంక్రాంతి దాటిన ఒక శనివారం దాన్ని బుట్టలో పెట్టుకుని కళింగపట్నం బస్సెక్కాను. ఇంట్లోకి గాలి వచ్చేలా ఓసారి తలుపులు తీసి రమ్మని పిన్ని అడిగింది. ఇంకోటి కూడా అడిగింది. "ఒడ్డు మీద ఒక్క కవళ్ళ సేప ఎట్టే దానికి. మంచి పచ్చిది. ఒక్కటే. నా బదులు." నేను సరేననలేదు, కాదననూ లేదు. ఉడికించి ముళ్ళు ఏరిన చేప చిన్న డబ్బాలో సర్దుకుని మాత్రం వెళ్ళాను.

తెల్లారి ఒడ్డుకి దిగగానే కుక్క బుట్టలోంచి దూకింది. పడవల మధ్యనుంచి, చేపలు ఎండబెట్టిన టార్పాలిన్లు దాటుకుని, తిన్నగా వెళ్ళి ఒకచోట ఇసకలో కూర్చుంది. పిన్ని కూర్చునే చోటికి ఎదురుగా. అక్కడ ఎవరూ లేరు. అయినా పైకి చూస్తోంది, కూర్చున్న మనిషి చేయి ఉండే ఎత్తుకి.

వెళ్ళి ఆ ఖాళీలో నేను కూర్చున్నాను. పక్క వలవాళ్ళలో ఒక ముసలమ్మ గుర్తుపట్టి, "మీ పిన్ని కుక్కే గదా, ఇదిగో" అని ఇంకా కొట్టుకుంటున్న కవళ్ళ చేప ఒకటి నా చేతిలో పెట్టింది. పొట్ట మీద నొక్కాను. సొట్ట పడి వెంటనే లేచింది. వేలు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాను. ఉప్పు, నాచు, ఇనుములాంటి ఒక చల్లటి వాసన. చేపలు ఏరి, చేతులు కడుక్కుని, తడి ఆరకుండానే నా జడ వేసే పిన్ని చేతుల వాసన అది. చిన్నప్పుడు సెలవులైపోయి ఆ జడతోనే బడికెళ్తే, ఆ వాసనకి పక్క పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు, జడ ముందుకు లాక్కుని దాచుకునేదాన్ని. ఇప్పుడు ఆ వేలు ముక్కు దగ్గరనుంచి తీయబుద్ధి కాలేదు.

కుక్క చూస్తోంది. ఇంతకంటే తాజా చేప ఈ లోకంలో ఉండదు. పిన్ని అడిగింది కూడా. పెట్టేయొచ్చు. కానీ సెలైన్ సూది గుచ్చిన చోట దాని ముంగాలి మీద బొచ్చు ఇంకా సరిగ్గా రాలేదు. ఈ ఒక్క చేపా దాని ఒంటికి పడకపోతే, ఆమె వచ్చేసరికి నా చేతిలో ఖాళీ బుట్ట ఉంటుంది.

చేపని ముసలమ్మకి తిరిగిచ్చేశాను. డబ్బా తీసి ఉడికిన ముద్ద అరచేతిలో పెట్టాను. నా వేలికి పచ్చి కవళ్ళ వాసన ఉంది, అది చాలనుకున్నట్టు తినేసింది.

అక్కడినుంచే పిన్నికి ఫోన్ చేసి, కెరటాల హోరులో వినపడాలని స్పీకర్ పెట్టాను.

"ఎట్టినావేటి?" అంది.

"లేదు పిన్నీ. పచ్చిది పెట్టలేదు. ఇకపైన కూడా పెట్టను." ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకున్నాను. "నువ్వొచ్చి పెట్టు."

ఆగస్టులో పిన్ని వెళ్తుంటే వీధిలో నిలబడి అనలేకపోయిన మాట అది. ముసలమ్మ నావైపు చూసి మళ్ళీ వల చూసుకుంది.

"ఒసే" అంది పిన్ని.

కుక్క చెవులు నిక్కబొడుచుకుని ఫోన్ వైపు తల తిప్పింది. నేనూ తిప్పాను. అంత దూరంలో ఆమె చేతిలో ఏముందో మా ఇద్దరికీ కనిపించలేదు.