పెదనాయన ముందుపాట

గుడియాత్తం నుంచి లుంగీల మూట తెచ్చిన మనిషి దాన్ని కొట్టు అరుగు మీద దించి, చెమట తుడుచుకుని, మా పెదనాయన ఆ ఉదయమే పోయాడని చెప్పాడు. వేలూరు కోట ఎదుట బట్టల కొట్టులో గుమస్తాను నేను. చేతిలో గజంబద్ద అలాగే ఉండిపోయింది. ముందు ఏడుపు రాలేదు. ఆయనకు ఎవరు పాడతారన్న భయం వచ్చింది.

గుడియాత్తంలో మా వీధి నేతవాళ్ళలో ఎవరైనా పోతే, శవాన్ని ఎత్తేముందు తంబుర మీద ఒక తత్వం పాడాలి. ఒకరు ముందు చరణాలు పాడతారు, మిగిలినవాళ్ళు వంత అందుకుంటారు. ఆ ముందుపాట మొత్తం వచ్చింది పెదనాయన ఒక్కడికే.

మగ్గం గుంటలో కూర్చుని నేస్తూనే ఎన్నో పాత పాటలు పాడేవాడు. మాలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. ఆయనకూ రాదు. తంబుర మీద పాడేటప్పుడు చరణం మరిచిపోతే దాన్ని పక్కన పెట్టి, మగ్గంలోకి దిగి, నాలుగుసార్లు కాలితో తొక్కేవాడు. మాట దానంతటదే వచ్చేది. నేను నవ్వితే, "నవ్వు నాయనా, నీ గజంబద్దకు ఒక పాటన్నా వస్తాదేమో చూడు" అనేవాడు. ఈరోజు నా నోట నాలుగు పాటలు ఉన్నాయంటే అవి ఆయన పెట్టినవే.

స్వాతంత్ర్యం వచ్చిన రోజు ఊరంతా జెండాలు పట్టుకుని తిరుగుతుంటే, ఆయన ఆ పొద్దున పోయిన ఒక ముసలమ్మ వాకిట్లో తంబుర మీటుతూ కూర్చున్నాడు. ఆమెకు రేపటిదాకా ఆగే తీరిక లేకపోయిందని తర్వాత నవ్వుతూ చెప్పాడు. పెద్దమ్మ పోయినప్పుడూ ఆయనే పాడాడు. గొంతు ఎక్కడా వణకలేదు. ఆ తర్వాత నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. పిల్లలు లేరు. ఇంట్లో మగ్గం, తంబుర, ఆయన.

ఆంధ్ర విడిపోయినప్పుడు చిత్తూరు అటు పోయింది, మేము ఇటు అరవ వైపు మిగిలాం. పెదనాయనతో పాడే మా భజన జట్టులో మృదంగం వాయించే మనిషి తన బావమరిదిని వెతుక్కుంటూ చిత్తూరు చేరాడు. హార్మోనియం ఆయనా అదే దారి పట్టాడు. అక్కడైతే తెలుగు పాటకు విలువ ఉంటుంది, నువ్వూ రమ్మని ఇద్దరూ పిలిచారు. పెదనాయన కదల్లేదు.

"ఈడ పొయ్యేవాళ్ళకు ఎవురు పాడతారప్పా?" అన్నాడు.

జట్టులో ఆయనతో కలిపి నలుగురం మిగిలాం. మాకు పనులుండేవి. కె.వి.కుప్పం నుంచో కనియంబాడి నుంచో కబురొస్తే, తంబురకు పాత పంచె చుట్టుకుని ఒక్కడే బస్సెక్కేవాడు.

ఆ ముందుపాట నేర్పమని నేను చాలాసార్లు అడిగాను. మిగతావన్నీ అడక్కుండానే నేర్పిన మనిషి, దాన్ని మాత్రం బతికున్నవాళ్ళ ఇంట్లో పాడకూడదని పట్టుబట్టేవాడు. "ఎవురన్నా పోయినప్పుడు నా పక్కన కూసోని నువ్వు ఎత్తుకో. తప్పితే నేను అందుకుంటా. ఆ పాట అట్లే వస్తాది" అనేవాడు.

పోయిన దీపావళి ముందు పక్కవీధిలో ఒక ముసలి నేతగాడు పోయాడు. ఈసారి నువ్వే ముందు పాడాలి, వచ్చెయ్యమని పెదనాయన కబురు పంపాడు. కొట్లో బేరాలు జోరుగా ఉన్నాయి. యజమాని వద్దనలేదు, నేనే పోలేదు. ఇంకొకరు పోకపోతారా, అప్పుడు చూసుకుందాం అనుకున్నాను. ఆ మాట అనుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేను.

ఆ ఇంకొకరు ఆయనే అయ్యాడు.

నేను వెళ్ళేసరికి తంబుర గోడకు వేలాడుతోంది. వాయించటం అయ్యాక తీగలు వదులు చెయ్యటం ఆయన అలవాటు, అవి అలాగే ఉన్నాయి. బిగించి శ్రుతి చేశాను. వీధిలో మగ్గాలన్నీ ఆగాయి. జట్టులో మిగిలిన ఇద్దరూ నా మొహం చూశారు. నాకు ముందుపాట రాదన్నాను.

"వచ్చినంత పాడు నాయనా. ఆయప్ప ఏమనుకోడులే" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

మా ముగ్గురికీ వచ్చింది వంత ఒక్కటే. ఆయన చరణం ఎంతసేపు పట్టేదో అంతసేపు నేను తంబుర మీటాను, ఎవరూ నోరు తెరవలేదు. ఆ తర్వాత వంత పాడాం. మళ్ళీ తంబుర, మళ్ళీ వంత. పాట పొడుగునా అంతే.

చివరి చరణాన్ని ఆయన ఎప్పుడూ సాగదీసేవాడు. అక్కడ మేము ఇంకాస్త ఎక్కువసేపు ఆగాం.